పట్టుపురుగుల షెడ్డులో ఈ మూడు ఈగలూ ఊజి ఈగలేనా? ఫోటోలు చూసి చెప్పండి

మల్బరీ_మడకశిర
పురుగులు నాలుగో జ్వరం (పాత చర్మం విడవడం) లేచి ఐదో దశలో ఉన్నాయి, ఆకు బాగా తింటున్నాయి. షెడ్డు చుట్టూ ఈగలు మొదలయ్యాయి. పట్టుపురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే ఊజి ఈగేమోనని భయం. మూడు ఫోటోలు పెడుతున్నా. మొదటిది కిటికీ వల మీద బయటివైపు వాలిన ఈగ. రెండోది షెడ్డు వెనక చచ్చిన పురుగులు, చెత్త పారేసే గుంత దగ్గర తీసింది. మూడోది, కిందటి పంటలో నేల పగుళ్లలో దొరికిన ప్యూపాలను (ఈగగా మారే ముందు పెంకులో ఉండే దశ) సీసాలో వేసి మూతకు గుడ్డ కట్టి పెడితే అందులోంచి బయటికొచ్చిన ఈగ.

మందుల షాపులో చూపిస్తే మూడూ ఊజేనన్నాడు. ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే ఒక్కోదానికి ఒక్కో లాటిన్ పేరు చెప్పింది. మూడోదానికైతే వెలుగు మార్చి తీసిన ప్రతిసారీ పేరు మారిపోతోంది. నా కంటికి మూడూ ఒకటే: బూడిద రంగు, వీపు మీద నల్లగీతలు, ఎర్రటి కళ్లు. పక్క షెడ్డాయన గుంత చుట్టూ పురుగుమందు కొట్టేయమంటున్నాడు. షెడ్డుకి అంత దగ్గర్లో మందు అంటే టెన్షన్‌గా ఉంది. ఏది ఊజి, ఏది కాదు?

హిందూపురం_చాకీ
మందు మాత్రం కొట్టొద్దు. గాలికి కొంచెం ఆకు మీద పడినా పంట మొత్తం పోతుంది. ముందు పురుగుల ఒంటి మీద నల్లమచ్చలున్నాయా చూడు. ఉంటే ఊజి, లేకపోతే లేదు. ఈగ ఏదైతే మనకేంటి?

గీతలు_లెక్కపెట్టు
చాకీ అన్నా, ఈగ ఏదో తెలియకపోతే ఎక్కడ అడ్డుకోవాలో తెలియదు. గుంత దగ్గర తిరిగేది వేరే ఈగ అయితే దాని మీద ఎంత మందు కొట్టినా షెడ్డులో ఊజి తగ్గదు.

రెండో ఫోటో పెద్దది చేసి చూశాను. వీపు మీద నల్లగీతలు మూడే ఉన్నాయి. నడుమ ఒకటి, అటొకటి, ఇటొకటి. పొట్ట మీద చదరంగం గళ్లు. ఇది మాంసపు ఈగ, సార్కోఫేగా. ఊజికి గీతలు నాలుగు. మూడో ఫోటోలో నాలుగూ కనిపిస్తున్నాయి. మొదటి ఫోటోలో వల దారాలు అడ్డం వచ్చాయి, ఏమీ తేలడం లేదు.

కోలారు_సరిహద్దు
ఇంటి ఈగకు కూడా నాలుగు గీతలే కదా. ఆ లెక్కన మా వంటింట్లో ఉన్నవన్నీ ఊజీలే :)

గీతలు_లెక్కపెట్టు
ఇంటి ఈగ చిన్నది, ఊజి దానికంటే పెద్దది. పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

కోలారు_సరిహద్దు
పక్కపక్కన పెడితే తెలుస్తుంది, ఒప్పుకుంటా. ఫోటోలో పక్కన ఏముంది? వల కన్ను సైజు ఎంతో కూడా తెలియదు. స్కేలు పెట్టని ఫోటోలో పెద్దది, చిన్నది అని ఎవరూ చెప్పలేరు.

ఆరుకాళ్లు
కోలారు గారు సరైన చోట పట్టుకున్నారు. గీతల లెక్క మొదటి జల్లెడ మాత్రమే. అది మాంసపు ఈగను పక్కకు తీస్తుంది, అంతే. గీతలు కూడా అసలు రంగు కాదు, ఒంటి మీద బూడిద పొడిలాంటి పూత ఉన్న చోటికీ లేని చోటికీ మధ్య తేడా. వెలుగు పడే కోణం మారితే గీత ఒకటి సన్నబడుతుంది, ఇంకొకటి మాయమవుతుంది. మాంసపు ఈగ పొట్ట మీద గళ్లు చూడండి, ఫోన్ కొంచెం పక్కకు జరిపితే నల్ల గడి తెల్లగా, తెల్ల గడి నల్లగా మారిపోతుంది. యాప్ పేరు మార్చి మార్చి చెప్పడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పైనుంచి తీసిన ఒక్క ఫోటోలో దానికి దొరికేది రంగు, గీతలే.

నేను చూసే చోట్లు వేరు. వీపు చివర రెక్కల మధ్య చిన్న త్రికోణపు పలక ఉంటుంది. ఈగను పక్కనుంచి చూస్తే ఆ పలక కింద ఇంకో గుండ్రటి ఉబ్బు స్పష్టంగా పొడుచుకొచ్చి కనిపిస్తే అది టాకినిడ్ కుటుంబం, అంటే వేరే పురుగుల ఒంట్లో పెరిగే ఈగలు. ఊజి ఆ కుటుంబంలోదే. ఇంటి ఈగకు, మాంసపు ఈగకు ఆ ఉబ్బు అలా ఉండదు. పైనుంచి తీసిన ఫోటోలో ఇది జన్మలో కనిపించదు. మనవాళ్లు తొంభై శాతం ఫోటోలు పైనుంచే తీస్తారు.

రెండోది మీసం. ఈగ ముఖం మీద రెండు పొట్టి మీసాలు కిందికి వేలాడుతుంటాయి. ఒక్కోదాని మీద ఒక సన్నటి వెంట్రుక నిలబడి ఉంటుంది, దాన్ని ఎరిస్టా అంటారు. ఇంటి ఈగకు ఆ ఎరిస్టా మీద చివరిదాకా చిన్న వెంట్రుకలు ఉంటాయి. మాంసపు ఈగల్లో సాధారణంగా మొదటి సగం వరకు ఉండి చివర నున్నగా ఉంటుంది. ఊజికి మొత్తం నున్నగానే ఉంటుంది. ముఖం ఫోటో ఒక్కటి బాగా వస్తే మూడూ విడిపోతాయి.

ఇక పొట్ట చివర బలమైన నల్లటి ముళ్ల వెంట్రుకలు. టాకినిడ్‌లకు అవి నిటారుగా, దట్టంగా ఉంటాయి. మాంసపు ఈగకూ కొన్ని ఉంటాయి కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మను.

మడకశిర గారూ, సీసాలోని ఈగకు పక్కనుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి తీసి పెట్టగలరా? పక్కన స్కేలు పెట్టండి.

హిందూపురం_చాకీ
ఇదంతా బాగానే ఉంది సార్. రైతుకి ఈగ మీసం మీద వెంట్రుకలు చూసే తీరిక ఎక్కడిది? ఐదో దశలో రోజుకి ఎన్నిసార్లు ఆకు కోసి వెయ్యాలో మీకు తెలుసా? నల్లమచ్చ కంటికి కనిపిస్తుంది. అది చాలు.

ఆరుకాళ్లు
మచ్చ చూడాల్సిందే, ఈగ కంటే ముందు అదే చూడాలి. కానీ నల్లమచ్చ ప్రతిదీ ఊజి కాదు. కొక్కెంలాంటి కాలి గోళ్లతో పురుగులు ఒకదాన్నొకటి గీరుకున్నా అక్కడ నల్లబడుతుంది. పెబ్రిన్ అనే జబ్బు వచ్చినా ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు మచ్చలొస్తాయి. ఊజి మచ్చ అయితే పక్కనే లేదా దాని మీదే తెల్లటి గుడ్డు పెంకు అతుక్కుని ఉంటుంది. గుడ్డు మీగడ రంగులో, అర మిల్లీమీటరు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో పొదిగి మాగట్ (ఈగ పిల్లపురుగు) నేరుగా పురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. ఆ తొలిచిన చోటే నల్లబడేది. లోపల మాగట్ తన వెనక భాగాన్ని ఆ రంధ్రానికి ఆనించి గాలి పీల్చుకుంటుంది కాబట్టి మచ్చ పెద్దదవుతుంది, మానదు.

ఇక్కడే ఒక పెద్ద తేడా ఉంది. మాంసపు ఈగ గుడ్లు పెట్టదు, పిల్లల్ని, అంటే బతికున్న మాగట్లనే నేరుగా వదులుతుంది. అందుకే బతికున్న పట్టుపురుగు ఒంటి మీద తెల్లటి గుడ్డు ఉందంటే మాంసపు ఈగ లెక్కలోంచి పోయినట్టే. చచ్చిన పురుగులో మాగట్లు కనిపించినంత మాత్రాన పురుగు ఊజితో చచ్చిందని చెప్పలేం. పాలరోగంతో (వైరస్ వల్ల వచ్చే జబ్బు) చచ్చి కుళ్లినా మాంసపు ఈగలు వాలతాయి.

హిందూపురం_చాకీ
పాలరోగం మాట నిజమే. మా ఊళ్లో ఒకాయన గుంతలో మాగట్లు చూసి పంటంతా ఊజి కొట్టిందనుకున్నాడు. అసలు సంగతి పాలరోగం. షెడ్డు శుద్ధి చేయకుండా తర్వాతి పంటకి మళ్లీ చాకీ (చిన్న పురుగులు) తెచ్చి పెట్టాడు, అదీ పోయింది. కాబట్టి ఏ ఈగో తెలుసుకోవడం వల్ల లాభం ఉందని ఒప్పుకుంటా. మీసం సంగతి మాత్రం మీరే చూసుకోండి :)

పలమనేరు_పెద్దాయన
మా చిన్నప్పుడు ఈ వైపు ఊజి అనే మాటే లేదు. షెడ్డు తలుపులు తెరిచే పెట్టేవాళ్లం. బెంగాల్‌లో ఎప్పటినుంచో ఉండేది. 1980లో కర్ణాటకలో కనిపించింది, ఆ తర్వాత ఇటు మన జిల్లాలకూ అటు తమిళనాడుకూ పాకింది. పురుగుల్నీ గూళ్లనీ లారీల్లో తెచ్చుకున్నప్పుడు లోపల మాగట్ కూడా వచ్చేస్తుంది, ఎవరికీ కనిపించదు. ఇప్పుడు దక్షిణాదిన ఊజి వల్ల 10–20 శాతం పంట పోతుందని చెబుతుంటారు. వల, రెండు తలుపుల షెడ్డు అన్నీ దాని తర్వాత వచ్చినవే. కొత్తగా షెడ్డు కట్టేవాళ్లకి ఈ చరిత్ర తెలియక వల ఖర్చు మిగుల్చుకుంటున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది.

చెన్నూరు_దసలి
మాది దసలి పట్టు. అడవిలో మద్దిచెట్ల మీద పురుగులు. వల కట్టడానికి అక్కడ కిటికీలా తలుపులా? మేమూ ఊజి అనే అంటాం, కానీ మడకశిర అన్న పెట్టిన మూడో ఫోటోలోని ఈగ, మా దగ్గర గూటిలోంచి వచ్చే ఈగ ఒకటి కావు. మాది ఇంకా పెద్దది, నల్లగా ఉంటుంది, రెక్కల మొదట్లో పసుపు ఛాయ. ఫోటో పెడుతున్నా. ఇది ఏది?

ఆరుకాళ్లు
చెన్నూరు గారూ, దసలిని పట్టేది ప్రధానంగా బ్లెఫారిపా జెబినా అనే వేరే టాకినిడ్. మీ ఫోటో దానితో పోలుతోంది. వెనకకాలు దగ్గరగా తీసి ఉంటే బాగుండేది. బ్లెఫారిపాకి వెనకకాలి మోకాలి కింది భాగం (టిబియా) మీద వెంట్రుకలన్నీ ఒకే ఎత్తులో, ఒకే వరుసలో దగ్గరదగ్గరగా ఉంటాయి. ఎక్సోరిస్టాకి ఆ వరుస ఎగుడుదిగుడు. మల్బరీ ఊజి పేరు ఎక్సోరిస్టా బాంబిసిస్. పాత పుస్తకాల్లో ట్రైకోలైగా సార్బిలాన్స్ అని, ఎక్సోరిస్టా సార్బిలాన్స్ అని కూడా ఉంటుంది. మీ రెండు ఈగలకూ ఊరిపేరు ఒకటే, జాతులు వేరు.

జపాన్‌లో పట్టుపురుగును పట్టే ఊజి కూడా బ్లెఫారిపా ప్రజాతిలోదే, బ్లెఫారిపా సెరికారియే. అది పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టదు. మల్బరీ ఆకు మీద కంటికి కనిపించనంత సన్నటి గుడ్లు పెడుతుంది, పురుగు ఆకుతోపాటు మింగేస్తుంది. అక్కడ ఒంటి మీద గుడ్డు కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. అందుకే జపాన్ పుస్తకంలో రాసిన ఊజి లక్షణాల్ని మన ఊజికి అంటగట్టకూడదు.

చెన్నూరు_దసలి
ఈసారి కాలు తీస్తా. చెట్టు మీద తీయడం కష్టం, గూళ్లు ఇంటికి తెచ్చాక బయటికొచ్చేవాటిని పట్టుకుంటా.

మొక్కజొన్న_ఆర్మూర్
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా మొక్కజొన్నలో కత్తెర పురుగు ఉంది. కొన్ని పురుగుల్ని డబ్బాలో వేసి ఆకు పెడితే రెండింట్లోంచి మాగట్లు వచ్చి ఈగలయ్యాయి. గీతలు నాలుగు, పలక కింద ఉబ్బు ఉంది. యాప్ ఎక్సోరిస్టా అంది. అంటే నా చేలో ఉన్నది పట్టుపురుగుల ఊజేనా? మా పక్క మండలంలో మల్బరీ వేశారు. నా చేలోంచి వాళ్ల షెడ్డుకి పోతాయా?

గీతలు_లెక్కపెట్టు
ఉబ్బు, నాలుగు గీతలు, నున్నటి ఎరిస్టా ఉంటే ఊజే. మల్బరీ వాళ్లకి చెప్పి పెట్టండి.

ఆరుకాళ్లు
తొందరపడొద్దు. టాకినిడ్ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద పేరు పెట్టిన జాతులే 8,500కు పైగా ఉన్నాయి. మన దేశంలో ఒక్క ఎక్సోరిస్టాలోనే చాలా ఉన్నాయి. వాటికి నాలుగు గీతలు, ఉబ్బు, నున్నటి ఎరిస్టా అన్నీ ఉమ్మడి. ఆ లక్షణాలు చూసి ఇది టాకినిడ్, బహుశా ఎక్సోరిస్టా అనే వరకు రావచ్చు. అక్కడినుంచి బాంబిసిస్ అని ఒక్క అడుగు వేయాలంటే చచ్చిన మగ ఈగ పొట్ట చివర భాగాన్ని విప్పి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఏ ఫోటోలోనూ అది ఉండదు.

పట్టు షెడ్డులో పట్టుపురుగులోంచి వచ్చిన ఎక్సోరిస్టాని ఊజి అని ధైర్యంగా అంటాం, ఎందుకంటే అది ఏ పురుగులోంచి వచ్చిందో మనకు తెలుసు. మొక్కజొన్న చేలో ఆ ఆధారం లేదు. కత్తెర పురుగు 2018లో దేశంలోకి వచ్చాక ఇక్కడి టాకినిడ్‌లు దాన్ని పట్టడం మొదలుపెట్టాయి. ఆర్మూర్ గారి ఈగ వాటిలో ఏదైనా కావచ్చు.

గీతలు_లెక్కపెట్టు
అలాగైతే ఫోటోలు పెట్టి అడగడం దేనికి? ప్రతిదానికీ పొట్ట విప్పాలి అంటే ఎవరూ ఏమీ చెప్పకూడదన్నమాట. పక్షుల వాళ్లు ఫోటో చూసి ఠక్కున పేరు చెబుతారు.

ఆరుకాళ్లు
పిట్టలకు ఈకల రంగులో, ముక్కు ఆకారంలో తేడా బయటే ఉంటుంది. ఈ ఈగల్లో జాతికీ జాతికీ తేడా బయటి రంగులో అంతగా కనిపించదు. ఫోటోతో ఎంతవరకు వెళ్లగలమో అంతవరకు వెళ్లి ఆగుదాం అంటున్నా. టాకినిడ్ అని తేలడం కూడా చిన్న విషయం కాదు. మాంసపు ఈగా, టాకినిడ్‌దా అని తేలితే చాలు, రైతు చేయాల్సిన పని మారిపోతుంది. దానికి ఫోటో సరిపోతుంది.

మొక్కజొన్న_ఆర్మూర్
ఇంతకీ నేను వాటిని చంపాలా, వదలాలా?

హిందూపురం_చాకీ
మాకైతే శత్రువు తమ్ముడూ.

మొక్కజొన్న_ఆర్మూర్
నాకైతే కత్తెర పురుగుని చంపుతోంది కదన్నా. మందు ఖర్చు మిగులుతోంది.

ఆరుకాళ్లు
వదిలేయండి. మీ చేలో అది మీ పక్షమే. మల్బరీ వాళ్లకి వల ఉంటే మీ ఈగ వాళ్లదాకా పోయినా లోపలికి రాలేదు.

బోస్టన్_శారద
ఈ మాట చదివితే ఇక్కడి సంగతి గుర్తొచ్చింది. 1906లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జిప్సీ చిమ్మటని అణచడానికి ఐరోపా నుంచి కాంప్సిల్యూరా కాన్సిన్నేటా అనే టాకినిడ్‌ని తెచ్చి వదిలారు. అది ఒక్క జిప్సీ చిమ్మటతో ఆగలేదు, నూటికి పైగా రకాల గొంగళిపురుగుల్ని పట్టింది. ఇక్కడి అడవి పట్టుచిమ్మటలు, అరచేతంత పెద్దవి, సిక్రోపియా లాంటివి, తగ్గిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చని మాసచుసెట్స్‌లో చేసిన ప్రయోగాలు సూచించాయి. అది కూడా గుడ్డు పెట్టదు. ఆడ ఈగ పురుగు చర్మాన్ని పొడిచి మాగట్‌ని నేరుగా లోపలికి దింపుతుంది. బయట గుడ్డూ ఉండదు, పెంకూ ఉండదు. నేను మా పెరట్లో గొంగళిపురుగుల్ని పెంచుతాను కాబట్టి చెబుతున్నా, ఈగ బయటికి వచ్చేదాకా లోపల ఏముందో తెలియదు. పేరు సరిగ్గా తెలియని ఈగని మంచిదని ఒకచోటినుంచి ఇంకోచోటికి తీసుకెళ్లకండి. ఆర్మూర్ గారూ, మీ చేలోది మీ చేలోనే ఉండనివ్వండి.

మొక్కజొన్న_ఆర్మూర్
తీసుకెళ్లే ఉద్దేశం లేదక్కా. మా బావమరిది అడిగాడు గానీ, ఇక ఇవ్వను.

మల్బరీ_మడకశిర
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. సీసాలోంచి ఇంకా ఈగలు వచ్చాయి. సీసాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, కదలకుండా అయ్యాక గ్రాఫ్ కాగితం మీద పెట్టి తీశాను. పక్కనుంచి తీసిన ఫోటోలో పలక కింద ఉబ్బు కనిపిస్తోంది. ముఖం ఎదురుగా తీసినదాంట్లో ఎరిస్టా నున్నగా ఉంది. కానీ కొత్త చిక్కొచ్చింది. ఒకే సీసాలోంచి వచ్చిన రెండు ఈగల ఫోటోలు చూడండి. ఒకదానికి రెండు కళ్లూ దగ్గరగా ఉన్నాయి, పొట్ట పొడుగ్గా ఉంది. రెండోదానికి కళ్ల మధ్య బాగా ఎడం, పొట్ట కొంచెం కురచ. యాప్ రెండింటికీ రెండు పేర్లు చెప్పింది. సీసాలో రెండు జాతులున్నాయా?

గీతలు_లెక్కపెట్టు
రెండోదాని ముఖం చాలా వెడల్పుగా ఉంది. వేరే జాతి అనిపిస్తోంది.

ఆరుకాళ్లు
ఒకే జాతి, ఆడా మగా. కళ్లు దగ్గరగా ఉన్నది మగది, ఎడంగా ఉన్నది ఆడది. ఎన్నో రకాల ఈగల్లో ఇదే తేడా ఉంటుంది. మగదాని కాలి గోళ్లు కూడా పొడుగ్గా ఉంటాయి, మీ ఫోటోలో ముందుకాలు పెద్దది చేసి చూడండి. ఫోటోలు చూసి రెండు జాతులని రాసుకునేవాటిలో కొన్ని ఇలా ఆడా మగా జంటలే.

ఫోటోలు చాలా బాగా వచ్చాయి. పట్టు షెడ్డులో పట్టుపురుగులోంచి వచ్చింది, ఉబ్బు ఉంది, ఎరిస్టా నున్నగా ఉంది, గీతలు నాలుగు. మూడో ఫోటో ఊజి. రెండోది మాంసపు ఈగ. మొదటిదానికి వల అడ్డం తీసేసి పక్కనుంచి ఫోటో వచ్చేదాకా ఏ పేరూ పెట్టను.

బార్‌కోడ్_వైజాగ్
పొట్ట విప్పడం దేనికి, కాలు ఒకటి తుంచి డీఎన్‌ఏ చూస్తే సరిపోతుంది కదా? సీఓఐ జన్యువు ముక్క ఒకటి చదివితే జాతి తెలిసిపోతుంది.

ఆరుకాళ్లు
చదివిన అక్షరాల్ని దేనితోనో పోల్చాలి కదా. పోల్చే నమూనాకి మొదట ఎవరో సూక్ష్మదర్శిని కింద చూసి సరైన పేరు పెట్టి ఉండాలి. బాంబిసిస్, సార్బిలాన్స్ పేర్లు ఏళ్ల తరబడి ఒకదాని బదులు ఒకటి వాడిన జాతి ఇది. డీఎన్‌ఏ మంచి పనిముట్టే, దానికి ముందు పొడిగా సూదికి గుచ్చి, తేదీ, ఊరు, ఏ పురుగులోంచి వచ్చిందో రాసిన ఈగ ఒకటి ఎక్కడో పెట్టెలో ఉండాలి. ఆ చీటీ లేని ఈగ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

బార్‌కోడ్_వైజాగ్
ఆల్కహాల్‌లో వేసి పంపితే రెండూ కుదురుతాయి కదా.

ఆరుకాళ్లు
డీఎన్‌ఏకి గాఢమైన ఆల్కహాల్ మంచిది. ఆకారం చూడడానికి మంచిది కాదు. ఈగ తడిస్తే ఒంటి మీద బూడిద పూత అసలు రూపంలో కనిపించదు, గీతలు కలిసిపోతాయి. అందుకే కొన్ని ఆల్కహాల్‌లో, కొన్ని పొడిగా పెట్టాలి. పొడిగా పెట్టేవాటికి ఫోటో చంపకముందు, చంపాక రెండుసార్లు తీయండి. ఈగ వచ్చిన ఖాళీ ప్యూపా పెంకుని కూడా అదే చీటీతో కలిపి ఉంచండి.

కోలారు_సరిహద్దు
పెంకుతో ఏం తెలుస్తుంది?

ఆరుకాళ్లు
చాలా. మాంసపు ఈగ మాగట్‌కి వెనక శ్వాస రంధ్రాలు లోతైన గుంటలో ఉంటాయి. ప్యూపా అయ్యాక కూడా ఆ గుంట పెంకు మీద అలాగే ఉండిపోతుంది. ఊజి ప్యూపా వెనకవైపు గుండ్రంగా మూసుకుని ఉంటుంది, శ్వాస రంధ్రాల నల్ల మచ్చలు పైకే కనిపిస్తాయి, గుంట ఉండదు. ఈగ ఎగిరిపోయాక కూడా పెంకు చూసి ఏదో చెప్పొచ్చు. ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్స్ ఉంటే చాలు. కదలదు, ఎగిరిపోదు, అన్నిటికంటే తేలిగ్గా ఫోటో తీయగలిగేది అదే. దాన్ని ఎవరూ తీయరు.

హిందూపురం_చాకీ
ఇది పనికొచ్చే మాట. మీసం కంటే ఇది నయం. గూళ్లు కోశాక చంద్రికల (పురుగులు గూడు కట్టే తట్టల) కింద, నేల పగుళ్లలో ప్యూపాలు ఊడ్చి తీస్తాం కదా, అప్పుడే చూడొచ్చు.

పలమనేరు_పెద్దాయన
ఊడ్చినవి పారేయకుండా కాల్చండి. మాగట్‌కి వెలుగు గిట్టదు, చీకటి సందుల్లోకి పోయి ప్యూపా అవుతుంది. పది పన్నెండు రోజుల్లో మళ్లీ ఈగ. నేలకి సిమెంట్ చేయించుకుంటే పగుళ్లే ఉండవు.

ఆరుకాళ్లు
కాల్చే ముందు ఒక గుప్పెడు సీసాలో వేసి పెట్టుకోమని నా విన్నపం. ఏ ఊరినుంచీ పెంచి తీసిన ఈగలు సరిగ్గా దొరకడం లేదు. అందరూ ఫోటోలే పెడుతున్నారు.

మల్బరీ_మడకశిర
మందు కొట్టే ఆలోచన మానేశాను. గుంతని మట్టితో కప్పేశాను, మాంసపు ఈగలు బాగా తగ్గాయి. వల చిరిగిన చోట కుట్టించాను. కిటికీల దగ్గర తెల్ల ట్రేల్లో ఊజి ట్రాప్ బిళ్లలు కలిపిన నీళ్లు పెట్టాను, రోజూ కొన్ని ఈగలు పడుతున్నాయి. ఒంటి మీద గుడ్లున్న పురుగులు కొన్ని దొరికాయి, ఏరి తీసేశాను.

సీసాలో ఇంకో వింత. కొన్ని ప్యూపాల్లోంచి ఈగలు రాలేదు, చీమకంటే చిన్న నల్లటి రెక్కల పురుగులు గుంపుగా వచ్చాయి. ఫోటో పెట్టాను. ఇవేంటి?

చెన్నూరు_దసలి
చూడ్డానికి కందిరీగల్లా ఉన్నాయి. మరీ చిన్నవి.

హిందూపురం_చాకీ
నెసోలింక్స్ అనే చిన్న కందిరీగ అయి ఉంటుంది. ఊజి మీద వదలడానికి సంచుల్లో ఇస్తారు. నువ్వు తెచ్చావా?

మల్బరీ_మడకశిర
నేను తేలేదు. పక్క షెడ్డాయన కిందటి పంటలో తెచ్చాడట.

ఆరుకాళ్లు
అయితే నెసోలింక్స్ థైమస్ కావడానికి మంచి అవకాశం ఉంది, అక్కడినుంచి మీ షెడ్డుకి వచ్చి ఉంటాయి. ఊజి ప్యూపాలో గుడ్లు పెట్టి లోపలే తినేస్తుంది. దీన్ని కేంద్రాల్లో పెంచేది ఇంటి ఈగ ప్యూపాల మీదే. కాబట్టి మాంసపు ఈగ ప్యూపాలో కూడా రావచ్చు.

పెంకులు పారేయకండి, వాటి మీదే రుజువు ఉంటుంది. ఈగ బయటికొస్తే పెంకు ముందు కొస గుండ్రటి మూత లేచినట్టు మొత్తం ఊడిపోతుంది. కందిరీగ బయటికొస్తే మూత ఊడదు, పక్కన ఎక్కడో సూది మొన పట్టేంత గుండ్రటి రంధ్రం కొరికి వస్తుంది. మూత ఊడినవి ఒక వైపు, రంధ్రం ఉన్నవి ఒక వైపు పెట్టి లెక్కేస్తే నెసోలింక్స్ ఎంత పనిచేసిందో తెలుస్తుంది.

మల్బరీ_మడకశిర
ఇప్పుడే విడదీసి చూశాను, రెండు రకాలూ ఉన్నాయి. రంధ్రం ఉన్నవే ఎక్కువ. ఇంకా తెరుచుకోని ప్యూపాలు కొన్ని మిగిలాయి. వాటిని కాల్చేయనా?

హిందూపురం_చాకీ
ఆగు, కాల్చొద్దు. లోపల నెసోలింక్స్ ఉంటే దాన్నీ చంపినట్టే. సన్న వల గుడ్డలో కట్టి గుంత పక్కన వేలాడదీయి. కన్ను ఎంత సన్నగా ఉండాలంటే నల్లపురుగులు దూరి పోవాలి, ఈగ దూరకూడదు.

ఆరుకాళ్లు
చాకీ గారు చెప్పినట్టే చేయండి. కట్టే ముందు కొన్ని కందిరీగల్ని ఆల్కహాల్ సీసాలో, రంధ్రమున్న పెంకుల్లో కొన్నిటిని పొడి డబ్బాలో వేసి తేదీ, ఊరు, మల్బరీ షెడ్డు అని చీటీ పెట్టండి. మగ ఊజి ఈగ కూడా ఒకటి పొడిగా కావాలి. హిందూపురం కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థ మీకు దగ్గరే కదా, ఈసారి అటు వెళ్లినప్పుడు డబ్బా తీసుకెళ్లండి.

మల్బరీ_మడకశిర
గూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్‌కి ఎలాగూ పోవాలి. అప్పుడు తీసుకెళ్తా. చెన్నూరు అన్నా, నీ ఈగ వెనకకాలు ఫోటో పెట్టడం మర్చిపోవద్దు.